ఐదో పేపర్లో సైన్సు, రెండో పేపర్లో మన దేవుళ్ళు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ చౌరస్తా దాకా నడిస్తే తొవ్వ పొడుగునా పోటీ పరీక్షల పుస్తకాలే కనిపిస్తాయి. వాటిని చదివేవాళ్ళలో ఉట్నూరు, ఆసిఫాబాద్, ఏటూరునాగారం, భద్రాచలం, అచ్చంపేట వైపుల నుంచి వచ్చిన మన పిల్లలూ ఉన్నారు. ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకొని, ఊళ్ళో అమ్మానాన్నలు పత్తి అమ్మి పంపిన డబ్బుతో ఏళ్ళ తరబడి చదువుతున్నారు. మనం కథల మీద, కవిత్వం మీద విమర్శ రాసుకుంటాం. మన పిల్లలు రోజుకు పన్నెండు గంటలు చదివేది మాత్రం ఈ గైడ్లు, ఈ నోట్సులు. ఇవి కూడా మన గురించే మాట్లాడుతున్నాయి. కాబట్టి వీటినీ విమర్శకు పెట్టాల్సిందే.

మేము ఇక్కడ ఒక్క విషయమే తీసుకుంటున్నాం. సైన్సుకూ నమ్మకానికీ ఉన్న సంబంధాన్ని ఈ పుస్తకాలు ఎట్లా చెప్తున్నాయి, అందులో ఆదివాసీని ఎక్కడ నిలబెడుతున్నాయి అన్నదే ఆ విషయం.

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో రెండో పేపరు చరిత్ర, సంస్కృతి, భూగోళం. మూడోది సమాజం, రాజ్యాంగం, పాలన. ఐదోది సైన్సు, టెక్నాలజీ. పరీక్షకు ఇట్లాంటి విభజన అవసరమే కావచ్చు. కానీ గైడ్లు దాన్ని మనుషుల విభజనగా మార్చేశాయి. మేడారం, కేస్లాపూర్, ఇప్పపువ్వు రెండో పేపర్లో వస్తాయి. గిరిజన సమస్యలు మూడో పేపర్లో వస్తాయి. ఐదో పేపర్లో ఆదివాసీ కనిపించడు. ఎప్పుడన్నా కనిపిస్తే సికిల్‌సెల్ రోగిగానో, మలేరియా రోగిగానో కనిపిస్తాడు. తెలిసినవాడుగా ఎక్కడా రాడు.

మన మతం గురించి రాసేటప్పుడు ఈ పుస్తకాలు ఎక్కువగా ఆధారపడేది ఇద్దరు బ్రిటిష్ పండితుల మీద. ఎడ్వర్డ్ టైలర్ 1871లో ‘ప్రిమిటివ్ కల్చర్’ రాశాడు. చెట్టులో, గుట్టలో, చనిపోయినవాళ్ళలో ఆత్మ ఉందనే నమ్మకమే మతానికి మొదటి రూపమన్నాడు. దాన్నే మన గైడ్లు సర్వాత్మవాదం అంటున్నాయి. జేమ్స్ ఫ్రేజర్ 1890లో ‘ది గోల్డెన్ బౌ’ తెచ్చాడు. మనిషి ముందు మంత్రాన్ని నమ్మాడు, తర్వాత మతానికొచ్చాడు, చివరికి సైన్సుకు చేరాడని ఆయన వాదన. దీంతో ఒక నిచ్చెన తయారైంది. పై మెట్టు మీద రాసినవాళ్ళు కూర్చున్నారు, కింది మెట్టు మీద మనల్ని కూర్చోబెట్టారు. వీళ్ళిద్దరూ ఏ ఆదివాసీ ఊళ్ళోనూ ఉండి ఈ సిద్ధాంతం చెయ్యలేదు. ప్రయాణికులు, మిషనరీలు, అధికారులు రాసినవి చదివి చేశారు. ఆ సంగతి గైడ్లలో ఉండదు. నూట యాభై ఏళ్ళ కింది ఊహ మన పిల్లల చేతికి నిర్వచనంగా వస్తున్నది, దాన్ని బట్టీ పడితే మార్కులు వస్తున్నాయి.

ఆ నిచ్చెన అందరికీ ఒకే తీరున వాడితే కొంతైనా న్యాయం ఉండేది. 2023 జులైలో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు నమూనా పట్టుకొని తిరుమల వెళ్ళారు. దాన్ని ఎవరూ సర్వాత్మవాదం అనలేదు. అది వాళ్ళ వ్యక్తిగత విశ్వాసం అన్నారు, సంప్రదాయం అన్నారు. అనొద్దని మేమూ చెప్పడం లేదు. ఆ పూజ వల్ల లెక్క మారదనీ, లెక్క వల్ల ఆ పూజ ఆగదనీ వాళ్ళకు తెలుసు. మన కోయ ఊళ్ళో విత్తనాల పండుగ నాడు పూజారి గింజల్ని దేవర ముందు పెడితే మాత్రం అది ఆదిమ విశ్వాసం అయిపోతుంది. ఆ పూజ వల్ల వాన రాదని మన రైతుకు తెలియదా? వాన చూసే విత్తుతాడు, నేల పదును చూసే విత్తుతాడు. శాస్త్రవేత్తకు రెండు మనసులు ఉండొచ్చు, మన రైతుకు ఒక్కటే ఉండాలన్నట్టు ఈ పుస్తకాలు రాస్తున్నాయి.

టైలర్, ఫ్రేజర్ల పక్కనే చదవాల్సిన ఇంకొకాయన ఉన్నాడు. గైడ్లు ఆయన పేరు రాసి, ఆయన చెప్పిన మాట వదిలేస్తాయి. బ్రోనిస్లా మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో ఆ మనుషుల మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చుకొని, 1925లో ‘మ్యాజిక్, సైన్స్ అండ్ రిలీజియన్’ అనే వ్యాసం రాశాడు. ఎంత ఆదిమంగా కనిపించే మనుషులకైనా సైన్సు లేకుండా లేదన్నాడు. ఆ దీవుల్లో తీరం దగ్గరి మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రాలేమీ ఉండవట. అక్కడ అపాయం లేదు, చేప ఖాయం, చేతిలో పని చాలు. నడి సముద్రం మీదికి పోయేటప్పుడు మాత్రం మంత్రం ఉంటుంది. అక్కడ ఎంత నేర్పరి అయినా అలను శాసించలేడు. తెలివి అయిపోయిన చోట భయం మొదలవుతుంది, ఆ భయాన్ని మోయడానికి మంత్రం వస్తుంది. మంత్రం ఉన్నంత మాత్రాన పడవ చెయ్యడం మానరు, గాలిని చూడటం మానరు.

ఈ మాట అర్థం కావడానికి మన పిల్లలు ట్రోబ్రియాండ్ దాకా పోనక్కర్లేదు. అశోక్‌నగర్‌లోనే నడి సముద్రం ఉంది. 2022 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో 503 పోస్టులు. ఆ అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ పేపరు లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ పెట్టారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది, దానికి 4 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఎంత చదివినా ఫలితం చేతిలో లేదు. హాల్‌టికెట్‌ను దేవుడి పాదాల దగ్గర పెట్టి తెచ్చుకునేవాళ్ళు ఇక్కడ అందుకే ఉన్నారు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళూ పెడతారు, ఫిజిక్సు చదివినవాళ్ళూ పెడతారు. వాళ్ళను మేము ఎగతాళి చెయ్యం. అయితే వీళ్ళ హాల్‌టికెట్‌కూ మనవాళ్ళ విత్తనాల బుట్టకూ తేడా ఏమిటో గైడు రాసినవాళ్ళు చెప్పాలి. మా దృష్టిలో తేడా లేదు. రెండు చోట్లా పని చేసేవాళ్ళు పని చేస్తూనే ఉన్నారు, చెయ్యి దాటిన దాని కోసం మొక్కుతున్నారు.

ఇందులో మన పిల్లల మీద పడే బరువు ఇంకొకటి ఉంది. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగల గుర్తింపుకు ఐదు లక్షణాలు చెప్పింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండటం, బయటివాళ్ళతో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. ఒక తెగకు గుర్తింపు రావాలంటే ఇప్పటికీ వీటినే ముందు పెట్టుకొని చూస్తారు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 51ఎ వచ్చింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యతని అందులోని హెచ్ క్లాజు చెప్తుంది. మన పిల్ల ఈ రెండింటినీ ఒకే గైడులో, కొన్ని పేజీల తేడాతో చదువుతుంది. తెగకు గుర్తింపు నిలవాలంటే ఆదిమం కావాలి, జవాబుకు మార్కులు రావాలంటే ఆదిమాన్ని వదిలించుకున్నట్టు రాయాలి. ‘గిరిజన సమాజంలో మూఢనమ్మకాలు - నివారణ’ లాంటి ప్రశ్న వస్తే, ఆ పిల్ల తన తల్లి చేసే పండుగను రోగాల జాబితాలో రాసి వస్తుంది. రాయకపోతే మార్కు పోతుంది. రాస్తే ఏం పోతుందో ఏ కీ పేపర్లోనూ ఉండదు.

ఇక మన తెలివి గురించి. ఐదో పేపర్లో ఒక పిల్లాడు కచ్చితంగా చదివే పేరు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఈ గదులకు దగ్గరలోనే నల్లకుంటలో ఉన్న ఫీవర్ హాస్పిటల్‌కు ఆయన పేరే పెట్టారు. అది గొప్ప పని. మన్యం జ్వరం అంటే గాలి సోకడం కాదు, దోమ కుట్టడం అని దానివల్లే తెలిసింది. మన ఏజెన్సీ ఊళ్ళలో బతికిన ప్రాణాలు ఎన్నో ఆ పనికి రుణపడి ఉన్నాయి. కానీ మలేరియాకు చాలాకాలం మందుగా ఉన్న క్వినైన్ ఎక్కడిది? దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చింది. జ్వరానికి ఆ బెరడు వాడటం ఆ కొండల నుంచే యూరప్‌కు చేరింది. 1820లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు అందులోంచి క్వినైన్‌ను విడదీశారు. విడదీసినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. బెరడును ముందు గుర్తించినవాళ్ళ పేర్లు లేవు.

మన దేశంలోనే దీనికి ఇంకొక ఉదాహరణ ఉంది, అది సిలబస్‌లో కూడా పెట్టదగ్గది. 1987లో కేరళ అగస్త్యర్ కొండల్లో శాస్త్రవేత్తలతో కలిసి నడుస్తున్న కాణి తెగవాళ్ళు అలసట రాకుండా ఒక మొక్క కాయలు తింటున్నారు. ఆ మొక్కను ఆరోగ్యపచ్చ అంటారు. తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షశాస్త్ర సంస్థ దాన్ని పరీక్షించి ‘జీవని’ అనే మందు చేసింది. లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణి వాళ్ళకు ఇవ్వాలని నిర్ణయించింది. దాని అమలులో తర్వాత ఎన్నో చిక్కులు వచ్చాయి. అయినా ఒక సంగతి తేలింది. అడవిలో ఉన్నది నమ్మకం, ప్రయోగశాలలో ఉన్నది సైన్సు అని గీత గీయడం కుదరదు. కాయ తింటే అలసట తగ్గుతుందని కాణి వాళ్ళు తిని చూసి తెలుసుకున్నారు. చూసి తెలుసుకోవడమే సైన్సుకు మొదలు.

ఇక్కడి దాకా వచ్చి ఆగిపోతే మా విమర్శ సగమే అవుతుంది. ఎందుకంటే గైడ్లకు ఎదురు చెప్పే ఆవేశంలో మనవాళ్ళ రాతల్లో ఇంకొక ధోరణి పెరుగుతున్నది. మన ప్రతి ఆచారమూ సైన్సేనని, మన పెద్దలకు అన్నీ ముందే తెలుసునని రాసేస్తున్నారు. పురాణాల్లో విమానాలు వెతికేవాళ్ళను చూసి నవ్వుతూ మనమే ఆ పని చేస్తే ఎట్లా?

ఉదాహరణకు కొత్తల పండుగ తీసుకుందాం. దేవరకు పెట్టకముందు కొత్త మామిడికాయ, కొత్త గింజ ముట్టకూడదు. దీనివల్ల లేత కాయ కోయకుండా ఉంటుంది, గింజ ముదురుతుంది అని మనం రాస్తాం. అది నిజం కావచ్చు. ఎన్ని చెట్ల మీద, ఎన్ని ఏళ్ళు చూశామో చెప్పగలిగినప్పుడు అది సైన్సు అవుతుంది. అప్పటిదాకా అది మంచి ఊహ. ఆ ఊహ నిలబడకపోయినా పండుగకు లోటు లేదు. చెట్టు ఇచ్చినదాన్ని ఊరంతా ఒక్క రోజు, ఒక్కసారి ముట్టాలి, ఎవడూ ముందు ఎగబడి కోసుకోకూడదు అనేది దానికదే విలువైన మాట. దానికి సైన్సు సర్టిఫికెట్టు అక్కర్లేదు.

సికిల్‌సెల్ విషయంలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. గోండుల్లో నాలుగు దేవుళ్ళు, ఐదు దేవుళ్ళు, ఆరు దేవుళ్ళు, ఏడు దేవుళ్ళు అని సగలు ఉన్నాయి. ఒకే సగలో పెళ్ళి కుదరదు. హైమండార్ఫ్ 1948లో అచ్చయిన తన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకంలో దీన్ని వివరంగా రాశాడు. దగ్గరి రక్తంలో పెళ్ళి వద్దనే ఎరుక ఇందులో ఉందని చెప్పుకోవచ్చు. కానీ సికిల్‌సెల్ లక్షణం సగ చూసి ఆగదు. వేరు వేరు సగల అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ ఆ లక్షణాన్ని మోస్తూ ఉండొచ్చు. చూడటానికి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దేవుళ్ళ లెక్క సరిపోయింది కాబట్టి పెళ్ళి క్షేమం అనుకుంటే బిడ్డ నొప్పులతో ఏడుస్తుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లోనే గుర్తించారు. దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది మాత్రం 2023 జులై 1న. మధ్యలో డెబ్బై ఏళ్ళు పోయాయి. అన్ని ఏళ్ళు సైన్సు మన దగ్గరికి రాలేదన్న నింద న్యాయమైనదే. వచ్చిన రక్తపరీక్షను ఇప్పుడు మనం వద్దనడం న్యాయం కాదు. పెళ్ళి మాటల్లో సగ అడిగే పెద్దలే పరీక్ష కార్డు కూడా అడిగితే, దేవుళ్ళకు అవమానం ఏమీ లేదు.

నారాయణగూడలో ఐపీఎం అని అందరూ పిలిచే ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉంది. కుక్క కరిస్తే సూది కోసం నగరం నలుమూలల నుంచి జనం అక్కడికి వస్తారు. ముంజేతికి తాయెత్తు కట్టుకొని వచ్చినవాళ్ళు అక్కడ వింతేమీ కాదు. వాళ్ళు తాయెత్తు విప్పి రమ్మని డాక్టరు అనడు, తాయెత్తు ఉంది కదా సూది వద్దని వాళ్ళూ అనరు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే సబ్బుతో పావుగంట కడగాలి, సూదులు తప్పకుండా పూర్తి చేసుకోవాలి. ఇది నమ్మినా నమ్మకపోయినా నిజం. నారాయణగూడ మనిషికి ఆ సూది ఆటో దూరంలో ఉంది. వాగు దాటి, గుట్ట దిగి పోవాల్సిన గూడెం మనిషికి మంత్రగాడే దగ్గర. ఆ దూరాన్ని కొలవకుండా అతని నమ్మకాన్ని మాత్రమే కొలిచే పుస్తకం సైన్సు పుస్తకం కాదు. ఆ దూరాన్ని చూపించి మంత్రాన్ని సమర్థించే రాత కూడా మనకు మేలు చెయ్యదు. అడగాల్సింది వాగు మీద వంతెన, దవాఖానలో మందు.

ఇంకొక విషయంలో మేము ఏ మినహాయింపూ ఇవ్వం. బాణామతి, చేతబడి, చిల్లంగి అని ఒక మనిషి మీద నింద వేసి కొట్టడం, ఊరి నుంచి తరమడం, చంపడం. దీన్ని సంస్కృతి అని రాసేవాళ్ళు ఎవరైనా మనవాళ్ళు కారు. ఆ నింద చాలాసార్లు పడేది ఒంటరి ఆడవాళ్ళ మీద, ముసలివాళ్ళ మీద. జ్వరంతో బిడ్డ చనిపోయిన ఇంటి దుఃఖం నిజమే, కానీ దానికి పక్కింటి ముసలమ్మ బాధ్యురాలు కాదు. ఈ హత్యల మీద ప్రత్యేక చట్టం బీహార్‌లో 1999లో వచ్చింది, తర్వాత జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో వచ్చింది. మహారాష్ట్రలో అట్లాంటి చట్టం కోసం ఏళ్ళ తరబడి తిరిగిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. రాస్ దోమను చూసిన తేదీ కూడా అదే. ఐదో పేపరుకు చదివేవాళ్ళు మొదటి ఆగస్టు 20నే కాకుండా రెండోదాన్నీ గుర్తుపెట్టుకుంటే బాగుండును. దభోల్కర్ పోరాడింది దేవుణ్ణి మొక్కేవాళ్ళ మీద కాదు, మొక్కేవాళ్ళ భయాన్ని అమ్ముకునేవాళ్ళ మీద.

కాబట్టి మా కొలత ఇది. ఒక నమ్మకాన్ని చూసినప్పుడు అది ఆదిమమా నాగరికమా అని అడగొద్దు. రెండు ప్రశ్నలు అడగాలి. ఇది లోకం ఎట్లా నడుస్తుందో చెప్తున్నదా? చెప్తే దాన్ని పరీక్షకు పెట్టాలి, తప్పితే వదలాలి, మన తాతలు చెప్పినా వదలాలి. లేక మనం ఎట్లా నడవాలో చెప్తున్నదా? అయితే దాని బరువు ఎవరి మీద పడుతున్నదో చూడాలి. మేడారంలో విగ్రహం లేదు, గద్దెలు ఉన్నాయి. రాజు పన్నుకు ఎదురు నిలబడి చనిపోయిన ఆడవాళ్ళను అక్కడ తలుచుకుంటారు. ఆ తలపు ఎవరి ప్రాణమూ తియ్యదు. చేతబడి నింద తీస్తుంది. రెండింటినీ ఒకే పేజీలో ‘గిరిజన విశ్వాసాలు’ అని కలిపి రాసే గైడుకు ఆ తేడా తెలియదు.

ఈ కొలత పుస్తకాల్లో లేకపోయినా ఒకసారి మన కోర్టుల్లో, గ్రామసభల్లో కనిపించింది. ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వకంపై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఆ కొండతో డోంగ్రియా కోంధుల మతపరమైన సంబంధాన్ని కూడా గ్రామసభలే తేల్చాలన్నది. పన్నెండు గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. అక్కడ మాట్లాడినవాళ్ళు నియమరాజు గురించి చెప్పారు, వాగుల గురించీ చెప్పారు. కొండ దేవుడనే మాట రుజువుకు అందేది కాదు. కొండ మీంచి వాగు పారుతున్నదనే మాట ఎవరైనా పోయి చూడొచ్చు. వాళ్ళు రెండూ కలగలిపి మాట్లాడినా, దేన్ని దేనికోసం చెప్తున్నారో వాళ్ళకు తెలుసు.

2011 జనాభా లెక్కల్లో ఆరు మతాలకే అంకెలు ఇచ్చి, మిగిలినవాళ్ళను పేరు రాసుకోమన్నారు. అయినా దాదాపు 50 లక్షల మంది సర్నా అని, 10 లక్షల మందికి పైగా గోండి అని రాయించుకున్నారు. తమ నమ్మకం ఏ మతానికో కింది మెట్టు కాదని వాళ్ళు అట్లా చెప్పారు. పరీక్ష హాల్లో కూర్చున్న మన పిల్లలకు అంత వీలు లేదు, మార్కుల కోసం రాయాల్సింది రాస్తారు. వాళ్ళను మేము తప్పు పట్టం. కానీ వాళ్ళలో కొందరు పాసవుతారు. ఉట్నూరు ఐటీడీఏలోనో, భద్రాచలంలోనో అధికారులుగా వస్తారు. అప్పుడు వాళ్ళ బల్ల మీదికి సికిల్‌సెల్ పరీక్షల ఫైలు వస్తుంది, జాతర ఏర్పాట్ల ఫైలు వస్తుంది, చేతబడి నింద పడిన ముసలమ్మ అర్జీ వస్తుంది. మూడింటికీ ఒకే సంతకం చెయ్యకూడదని తెలియాలంటే గైడు చదువు చాలదు. అది చెప్పే పుస్తకం మనమే రాయాలి, ఆ ఫుట్‌పాత్ మీద గైడ్ల పక్కనే అమ్మకానికి పెట్టాలి.